ముఖంపై మచ్చలు: వైద్యం ఏది? మోసం ఏది?

అమ్మాయిని చూసుకోవడానికి వస్తున్నారని తెలియగానే మన ఇళ్ళల్లో చాలామంది మొదట వెదికేది ముఖానికి రాసే ఒక క్రీమును. అమ్మాయి చదువు, నడవడిక, నమాజు, మాటతీరు అన్నీ తరువాతి సంగతులు. ముందు ఆ మొటిమల మచ్చలు పోవాలి, రంగు కాస్త తేలాలి. ఈ తొందరే ఎన్నో లేత ముఖాలను పాడుచేస్తోంది.

మాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెబుతాము. అమ్మాయి డిగ్రీ చదువుతోంది. చామనఛాయ. బుగ్గల మీద మొటిమలు వచ్చి తగ్గాక నల్లటి చుక్కలు మిగిలాయి. నికాహ్ మాటలు మొదలయ్యాయి. పక్కింటి ఖాలా ఒక ట్యూబు పేరు చెప్పింది. "మా పెద్దమ్మాయికి పదిహేను రోజుల్లో ముఖం తెల్లగా అయిపోయింది" అంది. వాళ్ళ అమ్మీ మెడికల్ షాపుకు వెళ్ళి ఆ ట్యూబు అడిగింది. షాపువాడు చీటీ అడగలేదు, ఆమె చూపించలేదు. మూడు వారాల్లో ముఖం నిజంగానే మెరిసింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. నాలుగో నెలకు వచ్చేసరికి ఎండలోకి వెళితే ముఖం మండేది, బుగ్గల మీద సన్నని ఎర్రటి నరాలు కనిపించేవి, గడ్డం దగ్గర నూగు పెరిగింది. ఒక్క రోజు రాయకపోతే ముఖమంతా ఎర్రగా పొంగి, మునుపటికంటే ఎక్కువ మొటిమలు వచ్చేవి. ఏ మచ్చల కోసం ఆ ట్యూబు కొన్నారో ఆ మచ్చలు అలాగే ఉన్నాయి.

ఆ ఇల్లు ఒక్కటే కాదు. ఇలాంటి ఇళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. అందుకే ఈ నెల పాఠంలో ఈ విషయాన్ని కొంచెం వివరంగా నేర్చుకుందాం. తల్లులు, అక్కలు, పెళ్ళీడుకొచ్చిన ఆడపిల్లలు, మొటిమలతో కుమిలిపోయే మగపిల్లలు అందరూ దీన్ని కలిసి చదవాలని మా కోరిక.

చర్మం రంగు జబ్బు కాదు

ముందుగా ఒక విషయం తేల్చుకుందాం. మచ్చకు చికిత్స ఉంది. రంగుకు చికిత్స లేదు, ఎందుకంటే అది జబ్బు కాదు.

మన చర్మంలో రంగును తయారుచేసే కణాలు ఉంటాయి. అవి మెలనిన్ అనే పదార్థాన్ని తయారుచేసి చుట్టుపక్కల కణాలకు పంచిపెడతాయి. తెల్లవారిలోనూ నల్లవారిలోనూ ఈ కణాల సంఖ్య దాదాపు ఒక్కటే. తేడా సంఖ్యలో కాదు, అవి ఎంత రంగును తయారుచేస్తాయి, ఆ రంగు పొట్లాలు ఎంత పెద్దవి, చర్మంలో ఎలా పరుచుకుంటాయి అన్నదానిలోనే ఉంది. మెలనిన్ ఎండలోని హానికర కిరణాల నుంచి చర్మానికి సహజమైన గొడుగు లాంటిది. కర్నూలు, గుంటూరు ఎండల్లో తిరిగే మనుషులకు ఇది అల్లాహ్ ప్రసాదించిన రక్షణ. మనుషుల భాషల్లోని, రంగుల్లోని వైవిధ్యాన్ని అల్లాహ్ తన సూచనల్లో ఒకటిగా దివ్య ఖుర్ఆన్‌లోని రూమ్ సూరాలో పేర్కొన్నాడు. దైవప్రవక్త (సఅసం) తన అంతిమ హజ్ సందర్భంగా, మనిషి ఔన్నత్యానికి కొలబద్ద రంగు కాదు, దైవభీతి మాత్రమేనని విస్పష్టంగా ప్రకటించారు. హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కా విజయం రోజున కాబా మీద నిలబడి అజాన్ పలికే గౌరవం హజ్రత్ బిలాల్ (రజి)కు దక్కింది. ఇవన్నీ మనకు తెలిసినవే. అయినా పెళ్ళిచూపులప్పుడు మాత్రం మరిచిపోతాము.

మచ్చ ఎలా పుడుతుంది?

మొటిమ అంటే చర్మంలోని వెంట్రుక కుదురు జిడ్డుతో, మృతకణాలతో మూసుకుపోయి, అక్కడ సూక్ష్మక్రిములు పెరిగి, వాపు రావడం. ఆ వాపు సెగ పక్కనే ఉన్న రంగు కణాలకు తగులుతుంది. అవి కంగారుపడినట్టుగా ఎక్కువ మెలనిన్‌ను విడుదల చేస్తాయి. మొటిమ తగ్గిపోతుంది గానీ, ఆ అదనపు రంగు అక్కడే మిగిలిపోతుంది. అదే మనం చూసే నల్లటి మచ్చ. చామనఛాయ, నలుపు చర్మాల్లో రంగు కణాలు చురుకైనవి కాబట్టి ఈ మచ్చలు ఎక్కువగా వస్తాయి, ఎక్కువ కాలం ఉంటాయి. తెల్లటి చర్మం వారికి అదే చోట ఎర్రటి మచ్చ మిగులుతుంది.

రంగు పైపొరలోనే ఉంటే మచ్చ గోధుమ రంగులో కనిపిస్తుంది. అది కొన్ని నెలల్లో తగ్గుతుంది. రంగు లోపలి పొరలోకి జారిపోతే మచ్చ బూడిద, నీలం కలిసిన రంగులో కనిపిస్తుంది. దానికి సంవత్సరాలు కూడా పట్టవచ్చు.

ఈ పాఠమంతటికీ తాళంచెవి ఇక్కడే ఉంది. మన రంగు చర్మంలో మంటే మచ్చకు తల్లి. మొటిమ వల్ల వచ్చిన మంట మచ్చ పెడుతుంది. మొటిమను గిల్లడం వల్ల వచ్చిన మంటా మచ్చ పెడుతుంది. మచ్చ పోవాలని రాసిన ఘాటైన మందు వల్ల వచ్చిన మంట కూడా మచ్చే పెడుతుంది. కాబట్టి "మండితేనే మందు పనిచేస్తున్నట్టు" అనే మాట మన చర్మం విషయంలో పూర్తిగా తప్పు.

మీ మచ్చ ఏ రకం?

చికిత్సకు ముందు మచ్చను గుర్తించాలి. అద్దం ముందు, పగటి వెలుతురులో చూసుకుని, వేలితో మెల్లగా తడిమి చూడండి.

ఒకటి: వేలికి నున్నగా తగిలి, కంటికి మాత్రమే నల్లగా కనిపించేది రంగు మచ్చ. ఇది నిజానికి గాయపు మచ్చ కాదు. పూతమందులతో, ఓర్పుతో తగ్గుతుంది.

రెండు: వేలికి పల్లంగా తగిలేది గుంట. చర్మం లోపలి పీచు దెబ్బతినడం వల్ల ఇది ఏర్పడుతుంది. సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉండేవి, అంచులు నిటారుగా ఉండి పెట్టెలా వెడల్పుగా ఉండేవి, అలలా మెల్లగా పల్లం దిగేవి అని మూడు రకాలు. ఏ క్రీమూ గుంటను పూర్తిగా పూడ్చలేదు.

మూడు: వేలికి ఉబ్బుగా, గట్టిగా తగిలేది. దవడ, భుజాలు, ఛాతీ, వీపు మీద ఇవి ఎక్కువ. గాయం హద్దులు దాటి పెరుగుతూపోతే దాన్ని కెలాయిడ్ అంటారు. చెవి కుట్టించినప్పుడు తమ్మె దగ్గర కొందరికి గడ్డలా పెరిగేది ఇదే. నల్లని చర్మం వారిలో ఇది ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చి ఉంటే ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి.

నాలుగు: అసలు మొటిమలకు సంబంధం లేనివి. రెండు బుగ్గల మీద, నుదుటి మీద, పైపెదవి మీద ఇరువైపులా సమానంగా పరుచుకునేవి మంగు మచ్చలు. ఇవి గర్భిణులకు, గర్భనిరోధక మాత్రలు వాడేవారికి, ఎండలో తిరిగేవారికి ఎక్కువ. మెడ వెనుక నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా మారితే అది మురికి కాదు. చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి గుర్తు. పీచుతో ఎంత రుద్దినా పోదు, రుద్దేకొద్దీ ఇంకా నల్లబడుతుంది. బరువు తగ్గించుకోవాలి, చక్కెర పరీక్ష చేయించుకోవాలి. నెలసరి సరిగ్గా రాక, మొటిమలతో పాటు గడ్డం మీద వెంట్రుకలు కూడా పెరుగుతుంటే అండాశయాల సమస్య ఉందేమో చూపించుకోవాలి. తెల్లగా పాలిపోయిన మచ్చ మీద స్పర్శ తెలియకపోతే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. అది కుష్ఠు వ్యాధి కావచ్చు. దానికి ఉచితంగా మందులున్నాయి, పూర్తిగా నయమవుతుంది.

మోసపు ట్యూబులు

మొదట చెప్పుకున్న అమ్మాయి వాడిన ట్యూబులో ఏముంది? స్టిరాయిడ్. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ వంటి పేర్లు ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి. స్టిరాయిడ్ చెడ్డది కాదు. తామర వాపు వంటి జబ్బుల్లో వైద్యుడు చెప్పినన్ని రోజులు వాడితే అది మంచి మందు. కానీ దాన్ని ముఖానికి తెల్లబడే క్రీములా నెలల తరబడి పూస్తే ఏం జరుగుతుంది? మొదట్లో అది రక్తనాళాలను ముడిచి, వాపును అణిచి, రంగు తయారీని తగ్గిస్తుంది. అందుకే ముఖం మెరిసినట్టు కనిపిస్తుంది. తరువాత చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది, నరాలు బయటపడతాయి, నూగు పెరుగుతుంది, స్టిరాయిడ్ మొటిమలు వస్తాయి. మానేస్తే ముఖం మండుతుంది. ఆ మంట భరించలేక మళ్ళీ రాస్తారు. మత్తుకు అలవాటుపడ్డట్టే చర్మం దానికి అలవాటుపడుతుంది.

ఈ దుర్వినియోగం ఎంత పెరిగిందంటే, చర్మవైద్యులు స్టిరాయిడ్ వల్ల పాడైన ముఖాన్ని ఒక ప్రత్యేక సమస్యగానే గుర్తించవలసి వచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ ఉంటేనే అమ్మాలనే షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. చట్టం ఉంది. కానీ మనం చీటీ లేకుండా అడిగితే, షాపువాడు చీటీ లేకుండా ఇస్తే, ఆ చట్టం ఎవరిని కాపాడుతుంది?

ఇప్పటికే ఇలాంటి ట్యూబు వాడుతున్నవారికి ఒక హెచ్చరిక. ఈ పాఠం చదివి ఈ రాత్రే విసిరేసి ఊరుకోకండి. ఒక్కసారిగా మానితే ముఖం పొంగవచ్చు. ట్యూబును పట్టుకుని చర్మవైద్యుని దగ్గరికి వెళ్ళండి. ఎలా తగ్గించుకుంటూ రావాలో ఆయన చెబుతారు.

రెండో ప్రమాదం పాదరసం. పేరూ చిరునామా సరిగ్గా లేని, ఏయే పదార్థాలు కలిపారో రాయని కొన్ని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉంటుంది. అది రంగు తయారీని ఆపుతుంది నిజమే, కానీ చర్మం గుండా రక్తంలోకి వెళ్ళి కిడ్నీలను దెబ్బతీస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో వైద్యులు కొందరు రోగుల్లో ఒక అరుదైన కిడ్నీ జబ్బును గమనించి ఆరా తీస్తే, వారిలో చాలామంది ఇలాంటి క్రీములు వాడినవారేనని తేలింది. గల్ఫ్ నుంచి బంధువులు తెచ్చారని, ఖరీదైనదని నమ్మి వాడకండి. డబ్బా మీద తయారీదారుని చిరునామా, బ్యాచ్ నంబరు, పదార్థాల జాబితా లేకపోతే అది ముఖానికి తగదు. తల్లి వాడితే ఆమె చేతుల నుంచి, తువ్వాలు నుంచి పసిబిడ్డకూ అంటుతుంది.

మూడోది హైడ్రోక్వినోన్. వైద్యుని పర్యవేక్షణలో కొన్ని నెలలు వాడితే ఇది పనికొచ్చే మందే. సొంతంగా ఏళ్ళ తరబడి రాస్తే చర్మం నీలి నలుపుగా మారి, ఆ నలుపు వదలడం చాలా కష్టమవుతుంది. దక్షిణాఫ్రికాలో నల్లజాతి స్త్రీలు ఎందరో ఇలా నష్టపోయారు. 1990లో ఆ దేశం సౌందర్య సాధనాల్లో దాన్ని నిషేధించింది.

వంటింటి వైద్యం

నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్టు, వెల్లుల్లి... ఇవి "సహజమైనవి కదా, ఏం చేస్తాయి?" అనుకుంటాము. నిమ్మరసం గట్టి ఆమ్లం. అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి నల్లటి చారలు పడతాయి. వంటసోడా, టూత్‌పేస్టు చర్మాన్ని మండిస్తాయి. వెల్లుల్లి బొబ్బలెక్కిస్తుంది. మంట మచ్చకు తల్లి అన్న మాట మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. శనగపిండి, ముల్తానీ మట్టి అప్పుడప్పుడు మెత్తగా వాడితే ప్రమాదం లేదు గానీ, వాటితో గట్టిగా రుద్దితే మేలు కంటే కీడే ఎక్కువ. పార్లర్లలో చేసే బ్లీచు వెంట్రుకల రంగును తగ్గిస్తుందే తప్ప మచ్చలను పోగొట్టదు, పైగా మండిస్తుంది. తలకు దట్టంగా నూనె పెట్టి, ఆ తలతోనే నిద్రపోయేవారికి నుదుటి మీద చిన్న చిన్న మొటిమలు వస్తాయి. నూనె పెట్టాలనుకుంటే తలస్నానానికి ముందు కాసేపు పెట్టి కడిగేయండి.

మామిడిపండు "వేడి చేసి" మొటిమలు వస్తాయని పెద్దలంటారు. పరిశోధనల్లో తేలింది వేడి, చలువ సంగతి కాదు. తీపి, మైదా, శీతల పానీయాల వంటి రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచేవి కొందరిలో మొటిమలను ఎక్కువ చేస్తాయి. వాటిని తగ్గించుకుంటే ఒంటికీ మంచిదే.

అసలు చికిత్స: మూడు మెట్లు

మొదటి మెట్టు ఎండ నుంచి రక్షణ. ఇది లేకుండా మిగతా ఏ మందు రాసినా చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. "నల్లగా ఉన్నవారికి సన్‌స్క్రీన్ ఎందుకు?" అంటారు. కాలకుండా ఉండటానికి కాదు, మచ్చలు ముదరకుండా ఉండటానికి. ఎస్.పి.ఎఫ్. 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నది ఎంచుకోవాలి. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు తీసుకుంటే ముఖానికీ మెడకూ సరిపోతుంది. బయట ఉన్నప్పుడు రెండు మూడు గంటలకోసారి మళ్ళీ రాయాలి. మన రంగు చర్మంలో కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా మచ్చలను ముదురుస్తుంది. దాన్ని అడ్డుకోవడానికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మపు రంగులో ఉండే సన్‌స్క్రీన్ మేలు. నిఖాబ్ వేసుకునే సోదరీమణులకు గుడ్డ కొంత రక్షణ ఇస్తుంది. అయితే పలచని గుడ్డ ఎండను పూర్తిగా ఆపలేదు, కళ్ళ చుట్టూ, నుదురు తెరిచే ఉంటాయి. చెమటతో తడిసిన గుడ్డ, గడ్డం కింద బిగుతుగా కట్టిన స్కార్ఫ్ రాపిడి మొటిమలను పెంచుతాయి. రోజూ ఉతికిన మెత్తని నూలు గుడ్డ వాడండి.

రెండో మెట్టు కొత్త మొటిమలు రాకుండా ఆపడం. పాత మచ్చలు చెరుపుతూ కొత్త మచ్చలు పుట్టనిస్తే లాభం లేదు. అడాపలీన్ అనే పూతమందు మొటిమలను ఆపుతుంది, మచ్చలను కూడా కొంత తగ్గిస్తుంది. శనగగింజంత తీసుకుని ముఖమంతా పలచగా రాత్రిపూట పూయాలి, మచ్చల మీద మాత్రమే చుక్కలు పెట్టకూడదు. మొదట వారానికి రెండు మూడు రాత్రులతో మొదలుపెట్టి, చర్మం అలవాటుపడ్డాక పెంచాలి. పొడిబారితే పైన మాయిశ్చరైజర్ రాయాలి. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు దీన్ని వాడకూడదు. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం క్రిములను తగ్గిస్తుంది. అది బట్టల రంగును, దుప్పట్టా రంగును పోగొడుతుంది, చూసుకోండి.

మూడో మెట్టు మచ్చలను తగ్గించే మందు. అజెలాయిక్ ఆమ్లం 15 నుంచి 20 శాతం పూతమందు మన చర్మానికి మంచి మిత్రుడు. ఇది మొటిమనూ మచ్చనూ రెండింటినీ తగ్గిస్తుంది. వైద్యుని సలహాతో గర్భిణులు కూడా వాడుకోవచ్చు. నయాసినమైడ్ కూడా మెత్తనిదే. ఏది వాడినా ఒకేసారి నాలుగు మొదలుపెట్టకండి. ఒక్కటి మొదలుపెట్టి, చెవి కింద రెండు మూడు రోజులు రాసి చూసి, ఆ తరువాతే ముఖానికి రాయండి.

ఫలితం ఎప్పుడు? పైచర్మం పూర్తిగా మారడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి ఏ నిజాయితీ గల మందైనా రెండు మూడు నెలలకు గానీ ఫలితం చూపదు. పదిహేను రోజుల్లో తెల్లబరుస్తానని చెప్పేది వైద్యం కాదు, మోసం. ఈ ఒక్క కొలత గుర్తుంచుకుంటే చాలావాటి నుంచి తప్పించుకోవచ్చు.

పెద్ద పెద్ద గడ్డల్లాంటి మొటిమలు గుంటలు పెడతాయి. వాటికి ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరికి వెళ్ళాలి. ఆయన ఐసోట్రెటినాయిన్ మాత్రలు రాయవచ్చు. ఇది బాగా పనిచేసే మందు. కానీ వాడుతున్నప్పుడు గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన అవకరాలు కలుగుతాయి. మానిన తరువాత కూడా కనీసం ఒక నెల గర్భం రాకూడదు. కాబట్టి నికాహ్ తేదీ కుదిరిన అమ్మాయి సిగ్గుపడకుండా ఆ తేదీని వైద్యునికి చెప్పాలి. ఆమె చెప్పలేకపోతే తల్లి చెప్పాలి. ఇక్కడ మౌనం సిగ్గు కాదు, పుట్టబోయే బిడ్డకు అన్యాయం.

గుంటలకు, గడ్డలకు

గుంటలకు క్రీములు చాలవు. సన్నటి లోతైన గుంటల్లో గాఢమైన ఆమ్లాన్ని చుక్కలా పెట్టడం, అలల్లాంటి పల్లాల్లో చర్మం కింద లాగిపట్టిన పీచును సూదితో విడదీయడం, సన్నని సూదులతో చర్మాన్ని గుచ్చి కొత్త పీచు పుట్టించడం వంటి పద్ధతులున్నాయి. ఇవి శిక్షణ పొందిన చర్మవైద్యుడే చేయాలి. ఇంట్లో సూదుల రోలరు తెచ్చి దొర్లించుకోకండి. లేజర్ తెల్లటి చర్మం మీద పనిచేసినట్టే మన చర్మం మీద పనిచేయదు. ఎక్కువ శక్తితో చేస్తే కొత్త నల్లమచ్చలు వస్తాయి. "మా రంగు చర్మం మీద ఎన్నిసార్లు చేశారు? ముందు చిన్నచోట చేసి చూపిస్తారా?" అని అడగడం మీ హక్కు. మొటిమలు పూర్తిగా అదుపులోకి వచ్చాకే గుంటల సంగతి చూడాలి. గుంటలు తగ్గుతాయి, పూర్తిగా మాయం కావు. ఆ మాట ముందే చెప్పే వైద్యుణ్ణి నమ్మండి.

ఉబ్బిన గడ్డలకు లోపలికి స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. చూశారా, ఒకచోట హాని చేసినదే మరోచోట మందు. కెలాయిడ్‌ను ఊరకే కోసి తీసేస్తే మునుపటికంటే పెద్దదిగా పెరగవచ్చు.

ఖర్చుకు భయపడేవారు ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లోని చర్మవ్యాధుల విభాగానికి వెళ్ళండి. పార్లరు మీద పెట్టే డబ్బు కంటే తక్కువలో అసలు వైద్యం దొరుకుతుంది.

వుజూ, నమాజు, రోజా

ఈ చికిత్స మన దినచర్యలో ఎలా ఇమడుతుందనే సందేహం చాలామందికి ఉంది. వుజూలో ఐదుసార్లు ముఖానికి నీళ్ళు తగలడం చర్మానికి హాని కాదు. ఐదుసార్లూ సబ్బు రాయడమే హాని. పొద్దున, రాత్రి మాత్రమే మెత్తని ఫేస్‌వాష్ వాడి, మిగతా వేళల్లో నీళ్ళు చాలించండి. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోండి.

చర్మంలో ఇంకిపోయే మామూలు క్రీము ఉండగా వుజూ నెరవేరుతుంది. నీరు చర్మాన్ని తాకకుండా అడ్డుపడే మందపాటి పొర ఏర్పడితే దాన్ని తొలగించిన తరువాతే వుజూ చేయాలని పండితులు చెబుతారు. నీటిని తట్టుకునేవని రాసి ఉన్న సన్‌స్క్రీన్‌ల విషయంలో ఈ జాగ్రత్త అవసరం. ఆలోచిస్తే మన నమాజు వేళలే చికిత్సకు మంచి గడియారం. ఇంటి నుంచి బయలుదేరేముందు ఒకసారి సన్‌స్క్రీన్, జుహ్ర్ వుజూ తరువాత మళ్ళీ ఒకసారి, అస్ర్ తరువాత బయటికి వెళ్ళేవారు ఇంకోసారి. ఇషా నమాజు ముగిశాక ముఖం కడుక్కుని రాత్రి మందు. ఇలా పెట్టుకుంటే మరిచిపోవడం ఉండదు.

ముఖానికి పూతమందు రాస్తే రోజా భంగం కాదు. మింగే మాత్రల వేళలను రమజాన్‌కు ముందే వైద్యునితో మాట్లాడి ఇఫ్తార్‌కో సహరీకో మార్చుకోవచ్చు. మొటిమలకు ఇచ్చే డాక్సీసైక్లిన్ మాత్రను గ్లాసెడు నీళ్ళతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు, లేకపోతే అన్నవాహిక పుండవుతుంది. సహరీలో మాత్ర వేసుకుని వెంటనే నడుం వాల్చేవారు ఇది గమనించాలి.

మచ్చకు చికిత్స ధర్మసమ్మతమేనా?

"అల్లాహ్ ఇచ్చిన ముఖాన్ని మార్చుకోవడం కాదా?" అని కొందరు భక్తిపరులైన పిల్లలు మథనపడుతుంటారు. దైవప్రవక్త (సఅసం) చికిత్స చేయించుకోమని ప్రోత్సహించారు. యుద్ధంలో ముక్కు తెగిపోయిన అర్ఫజా (రజి) అనే సహాబీ వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన వచ్చింది. అప్పుడు దైవప్రవక్త (సఅసం) ఆయనను బంగారు ముక్కు పెట్టించుకోమన్నారని అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో ఉంది. మగవారికి బంగారం ధరించడం నిషిద్ధమైనా ఆ అవసరానికి అనుమతి లభించింది. జబ్బు వల్ల, గాయం వల్ల కలిగిన లోపాన్ని సరిచేసుకోవడం వేరు, అల్లాహ్ ఇచ్చిన రూపం పట్ల అసంతృప్తితో దాన్ని మార్చుకోవడం వేరని పండితులు దీని నుంచి గ్రహించారు. మచ్చను మాన్పుకోవడం మొదటి కోవలోకి వస్తుంది. పుట్టుకతో వచ్చిన రంగును అసహ్యించుకుని, ఒంటికి హాని చేసే పదార్థాలు పూసుకోవడం ఏ కోవలోకి వస్తుందో మనమే ఆలోచించుకోవాలి. శరీరం మన సొంత ఆస్తి కాదు, అమానతు.

పెద్దలకు ఒక మాట

ఆ ట్యూబు కొనిపించినది ఎవరు? అమ్మాయి కోరిక కాదు. "ఇంకా మచ్చలు పోలేదా?" అని ప్రతి వేడుకలోనూ అడిగిన బంధువులు. "పిల్ల మంచిదే గానీ కొంచెం రంగు తక్కువ" అన్న పెళ్ళివారు. జులైబీబ్ (రజి) అనే సహాబీ అందగాడు కాదు, పేరున్న వంశం వాడూ కాదు. ఆయన కోసం దైవప్రవక్త (సఅసం) ఒక అన్సారీ కుటుంబాన్ని పిల్లనడిగితే తల్లి వెనుకాడింది. ఆ అమ్మాయి మాత్రం దైవప్రవక్త (సఅసం) కోరిన సంబంధాన్ని కాదనవద్దని తల్లిదండ్రులకు చెప్పి ఒప్పుకుంది. తరువాత ఆయన యుద్ధంలో అమరుడైతే దైవప్రవక్త (సఅసం) స్వయంగా తన చేతుల మీద మోసి ఖననం చేశారు. ముఖం చూసి వెలకట్టేవారికి ఈ సంఘటనలో గొప్ప గుణపాఠం ఉంది.

మీ ఇంట్లో మొటిమలతో ఉన్న పిల్లవాడో పిల్లో అద్దం ముందు ఎక్కువసేపు నిలబడుతున్నా, పెళ్ళిళ్ళకు రానంటున్నా, మాటలు తగ్గించినా తేలిగ్గా తీసుకోకండి. "ఈ వయసులో అందరికీ వస్తాయిలే" అనడం ఓదార్పు కాదు. కూర్చోబెట్టి వినండి, వైద్యుని దగ్గరికి తీసుకెళ్ళండి.

మేము మొదట చెప్పిన అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాము. చర్మవైద్యురాలు ఆ ట్యూబును మెల్లగా మాన్పించి, మెత్తని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రమే కొన్ని వారాలు వాడించారు. ఆ తరువాతే మచ్చల మందు మొదలుపెట్టారు. దాదాపు ఏడాది పట్టింది. మచ్చలు చాలావరకు తగ్గాయి. బుగ్గల మీద కొన్ని సన్నని నరాలు మాత్రం మిగిలిపోయాయి. నికాహ్ మాటలప్పుడు ఆమె తండ్రి పెళ్ళివారితో ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఒక సంబంధం వెనక్కి పోయింది. రెండోవారు, "మా అబ్బాయి ముఖం మీదా గుంటలున్నాయి, అవి మీరు అడగలేదు కదా" అన్నారు. అమ్మీ ఇప్పుడు తన దగ్గరికి వచ్చే ప్రతి పక్కింటామెకూ ఒకే మాట చెబుతోంది: "ట్యూబు పేరు నన్ను అడగొద్దు బేటీ, డాక్టరును అడుగు."

గుర్తుంచుకోవలసినవి

1. మచ్చకు చికిత్స ఉంది. రంగు జబ్బు కాదు.
2. మంట మచ్చకు తల్లి. మండించేది మన చర్మానికి పనికిరాదు.
3. సన్‌స్క్రీన్ లేని చికిత్స నిలవదు.
4. చీటీ లేకుండా ట్యూబు కొనవద్దు, ఒకరి ట్యూబు ఒకరు వాడవద్దు.
5. రెండు మూడు నెలలకు ముందు ఫలితం ఆశించవద్దు. పదిహేను రోజుల హామీని నమ్మవద్దు.
6. నికాహ్, గర్భం సంగతి వైద్యునికి దాచవద్దు.

ఇంట్లో కలిసి చర్చించుకోండి

1. మన ఇంట్లో ముఖానికి వాడే డబ్బాలు, ట్యూబులు అన్నీ బయటపెట్టి చూద్దామా? పదార్థాల జాబితా ఏ వాటి మీద లేదు? స్టిరాయిడ్ పేరు ఏ వాటి మీద ఉంది?
2. ఒకరి రంగు గురించి, మచ్చల గురించి మనం చివరిసారి ఏం మాట్లాడాము? ఆ మాట విన్నవారికి ఎలా అనిపించి ఉంటుంది?
3. మన అబ్బాయికి పిల్లను వెదికేటప్పుడు మనం మొదట అడిగే ప్రశ్న ఏది?

అల్లాహ్ మనకు ఆరోగ్యాన్ని, ఓర్పును, తోటివారి మనసు నొప్పించని నాలుకను ప్రసాదించుగాక! ఆమీన్.